వెన్ను వంగనివ్వని జబ్బు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ సభలో మాకు చదువుల గురించి మాట్లాడే పని అప్పగిస్తూ వచ్చారు. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం కనుక అది సహజమే. ఈ సంవత్సరం మాత్రం కార్యదర్శి గారిని మేమే బతిమాలి వేరే విషయం తీసుకున్నాం. వెన్నెముకను బిగించివేసే ఒక ఎముకల జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం. మేము డాక్టర్లం కాము. అయితే మా ఇంటి మనిషిని ఒకరిని పదకొండేళ్ళు దగ్గరుండి చూశాం. చూసిన దానిలో మా తప్పు కూడా ఉన్నది. ఆ తప్పు మీ ఇళ్ళల్లో జరగకూడదనే ఈ ప్రసంగం.

మా ఖాలూ, అంటే మా అమ్మ చెల్లెలి భర్త, వృత్తికి దర్జీ. 2006లో ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గరి పల్లె నుంచి కూతురి దగ్గర ఉందామని మన నర్సీపట్నం వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు అరవై కూడా నిండలేదు. వచ్చిన మొదటి వారంలోనే మేము గమనించినది ఒకటున్నది. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే ఆయన మెడ తిప్పరు, మనిషి మొత్తం తిరుగుతారు. కింద పడ్డ సూది తీయాలంటే మనవడిని పిలుస్తారు. నమాజులో రుకూ దగ్గర నడుము సగం కూడా వంగదు. సజ్దాకు దిగాలంటే రెండు చేతులూ నేల మీద మోపి, పళ్ళు బిగబట్టి దిగాలి. కొన్నాళ్ళకు అదీ కుదరక మసీదులో కుర్చీ వేసుకున్నారు. "ఈ వయసుకే కుర్చీ ఏమిటి, మా తాత ఎనభై ఏళ్ళకూ నేల మీదే చేశాడు" అని గొణిగినవాళ్ళు ఉన్నారు. దాచడం ఎందుకు, ఆ గొణిగినవాళ్ళలో మేమూ ఒకరం.

వాతం అనుకున్నాం. చల్లగాలి అనుకున్నాం. కుట్టుమిషను మీద వంగి వంగి కూర్చున్నందువల్ల అనుకున్నాం. మేమే దగ్గరుండి ఒక కట్టు వైద్యుడి దగ్గరకు తీసుకుపోయాం. నూనెలు రాయించాం, నడుము తొక్కించాం. దుకాణంలో నొప్పి మాత్రలు కొని డబ్బాలో పోసి ఇచ్చాం. ఇట్లా మూడేళ్ళు గడిచాయి. 2009లో ఒకరోజు తెల్లవారుజామున వుజూకు లేచిన మనిషి గడప దగ్గర కూలబడ్డారు. "కాళ్ళు నావి కావురా బాబూ" అన్నారు. అప్పుడు కారు మాట్లాడి విశాఖపట్నం పరుగెత్తాం.

అక్కడి డాక్టరు గారు నడుముకు ఎక్స్‌రే తీయించారు, సరే. ముంజేతికి కూడా తీయించమన్నారు. నొప్పి నడుములో ఉంటే చేతికి ఫోటో ఎందుకో మాకు అర్థం కాలేదు. రెండు ఫోటోలూ దీపం ముందు పెట్టి చూసి, ఆయన అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు.

"పెద్దాయనా, చిన్నప్పటి నుంచి ఏ నీళ్ళు తాగేవారండీ?"

"మా ఊరి బావి నీళ్ళేనండి. బాగానే ఉండేవి. ఉప్పదనం కూడా లేదు."

"అదేనండీ దాంతో చిక్కు. నాలుకకు తెలియదు" అన్నారు డాక్టరు గారు.

ఆ జబ్బు పేరు ఫ్లోరోసిస్. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకొని వచ్చే జబ్బు.

ఇది అర్థం కావాలంటే ముందు ఎముక సంగతి తెలియాలి. ఎముక అంటే రాయిలాంటిది, ఒకసారి తయారైతే అంతే అని మన పిల్లలే కాదు, మనమూ అనుకుంటాం. అది నిజం కాదు. ఎముక ఎప్పుడూ మరమ్మతులో ఉండే పాత ఇల్లు వంటిది. పాత గోడను పగలగొట్టే కూలీలు ఉంటారు, కొత్త గోడ కట్టే తాపీమేస్త్రీలు ఉంటారు. పగలగొట్టే కణాలు పాత ఎముకను కరిగిస్తాయి, కట్టే కణాలు ఆ ఖాళీని కొత్త ఎముకతో నింపుతాయి. పెద్దవాళ్ళలో ఏడాదికి ఎముకల్లో పదోవంతు ఈ విధంగా మారిపోతూ ఉంటుంది. కూలీలూ మేస్త్రీలూ ఒక లెక్క ప్రకారం పనిచేసినంత కాలం ఇల్లు నిలుస్తుంది. లెక్క తప్పితే జబ్బు.

ఈ లెక్క తప్పే జబ్బుల్లో ప్రపంచంలో పేరు మోసినది పేజెట్ వ్యాధి. లండన్‌లోని సర్ జేమ్స్ పేజెట్ అనే శస్త్రవైద్యుడు 1877లో దానిని వర్ణించాడు. అందులో పగలగొట్టే కణాలు విజృంభిస్తాయి. వాటికి సరితూగాలని కట్టే కణాలు హడావుడిగా, వంకరటింకరగా కడతాయి. ఎముక లావెక్కుతుంది గాని గట్టిపడదు. కటి ఎముక, వెన్నుపూసలు, పుర్రె, తొడ ఎముక, కాలి ఎముక - వీటికి ఎక్కువగా వస్తుంది. వెన్నుపూస ఉబ్బితే లోపలి నరాలకు చోటు తగ్గుతుంది. ఇంగ్లండులో ముసలివారిలో ఎక్కువ, మన దేశంలో అరుదు. చాలామందికి బాధే ఉండదు. వేరే పనికి తీసిన ఎక్స్‌రేలోనో, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ కనిపించినప్పుడో బయటపడుతుంది. దానికి మంచి మందులు వచ్చాయి. జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందును ఒక్కసారి నరంలోకి ఎక్కిస్తే చాలామందికి ఏళ్ళ తరబడి జబ్బు అణిగి ఉంటుంది. ఎక్కించే ముందు విటమిన్ డి, కాల్షియం సరిచూసుకోవాలి. ఎవరికైనా ఈ పేరు చెబితే కంగారుపడవలసిన పని లేదు.

మన తెలుగు నేల మీద ఎక్కువమంది వెన్నును విరిచినది మాత్రం పేజెట్ కాదు, ఫ్లోరోసిస్. ఇందులో ఫ్లోరైడ్ ఎముకలోకి చేరి కట్టే కణాలను అదేపనిగా రెచ్చగొడుతుంది. ఎముక దట్టమై ఎక్స్‌రేలో సుద్దలాగా తెల్లగా కనిపిస్తుంది. అంతటితో ఆగదు. ఎముకను ఎముకతో కట్టివుంచే మెత్తని బంధనాలు కూడా ఎముకలాగా గట్టిపడతాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పలుచని పొర ఒకటుంటుంది. అది గట్టిపడి ముళ్ళలాగా కనిపించడం ఈ జబ్బుకు పెద్ద గుర్తు. డాక్టరు గారు చేతికి ఫోటో ఎందుకు తీయించారో మాకు అప్పుడు తెలిసింది. వెన్నులోనూ అదే జరుగుతుంది. పూసకూ పూసకూ మధ్య ఉండే కీళ్ళు బిగుసుకొని, వెన్నెముక అంతా ఒకే కర్ర అయిపోతుంది.

ఈ జబ్బు చరిత్రలో మన ప్రాంతానికి పెద్ద స్థానమే ఉన్నది. భారతదేశంలో దీనిని మొట్టమొదట శాస్త్రీయంగా వర్ణించినది 1937లో. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము బిగుసుకుపోయిన రైతులను చూసి, కారణం బావి నీళ్ళలో ఉన్నదని తేల్చారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు కలిశాయి. అంటే మా ఖాలూ పుట్టక ముందే ఆయన జబ్బుకు కారణం పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ సంగతి పల్లెలో ఆయన దాకా చేరలేదు. చదువుకున్నవాళ్ళమైన మా దాకా కూడా చేరలేదు.

తర్వాత 1955లో ఎ.హెచ్. సిద్దీఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు అక్కడి పిల్లల్లో, యువకుల్లో మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ కాళ్ళు వంకరపోవడాన్ని వర్ణించారు. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి గారు ఈ జబ్బులో వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోయే స్థితిని ఏళ్ళ తరబడి పరిశీలించి వ్రాశారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశల స్వామి గారిని మీలో కొందరు పేపర్లలో చూసే ఉంటారు. ఆ జబ్బుతోనే బ్రతుకంతా గడిపి, దానిమీద పోరాడి, 2022 జనవరిలో కన్నుమూశారు.

"మాస్టారూ, తాండవ జలాశయం దగ్గరలో పెట్టుకొని మనకెందుకీ గొడవ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మా జవాబు ఇది. మన పిల్లలను ప్రకాశం, పల్నాడు, అనంతపురం, నల్లగొండ వైపు ఇస్తున్నాం, అటునుంచి కోడళ్ళను తెచ్చుకుంటున్నాం. ఉద్యోగాలకు, వ్యాపారాలకు అటూ ఇటూ తిరుగుతున్నాం. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఊరు మారినంత మాత్రాన పోదు. అక్కడ తాగిన నీళ్ళు ఇక్కడ నడుమును బిగించవచ్చు. రెండవది, ఇంటింటికీ బోర్లు వేస్తున్నాం. పక్క బోరులో లేనిది మన బోరులో ఉండవచ్చు. పరీక్ష చేయించనిదే ఎవరూ చెప్పలేరు.

ఇక గుర్తుపట్టడం ఎట్లా? దీనికి మూడు చిన్న పరీక్షలున్నాయి. మా బడిలో డ్రిల్లు పీరియడులో చేయించేంత సులువు. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలి బొటనవేళ్ళు అందుకోవాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి. రెండు చేతులూ ఎత్తి తల వెనుక పెట్టుకోవాలి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళో పెరిగిన మనిషి వీటిలో ఏది చేయలేకపోయినా డాక్టరుకు చూపించాలి. పిల్లల్లో అయితే ముందు పళ్ళు చెబుతాయి. పళ్ళ మీద సుద్ద తెలుపు మచ్చలు, పసుపు లేక గోధుమరంగు చారలు అడ్డంగా ఉంటే, పళ్ళపొడి మార్చడం కాదు, నీళ్ళు చూడాలి. అయితే నడుము పట్టిన ప్రతివారికీ ఇదే జబ్బు అనుకోకండి. ఇరవై, ముప్పై ఏళ్ళ కుర్రవాడికి తెల్లవారుజామున నడుము పట్టేసి, తిరిగితే సర్దుకుంటూ ఉంటే అది వేరే వాతం కావచ్చు. క్షయ వెన్నుకు రావచ్చు. అందుకే ఎక్స్‌రే, రక్తపరీక్ష, డాక్టరు - ఈ మూడూ కావాలి.

ఒక హెచ్చరిక మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. కాళ్ళు తిమ్మిరెక్కినా, చెప్పు జారిపోతున్నా తెలియకపోయినా, నడక తూలినా, మూత్రం పట్టు తప్పినా అది నడుం నొప్పి కాదు. వెన్నుపాము నలుగుతున్నదని అర్థం. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. మా ఖాలూకు ఆపరేషన్ చేసి వెన్నుపాము మీది ఒత్తిడి తీశారు. ఎముక అంత గట్టిపడ్డాక ఆ పని చాలా కష్టమని చెప్పారు. ఆయన మళ్ళీ నడిచారు, చేతికర్ర పట్టుకొని. "రెండు మూడేళ్ళ ముందు తెచ్చి ఉంటే కర్ర అవసరం ఉండేది కాదేమో" అన్నారు డాక్టరు గారు. ఆ "ఏమో" అన్న మాట మాకు నేటికీ చెవిలో ఉన్నది.

చికిత్స మాటకొస్తే ఉన్నదున్నట్లు చెప్పాలి. పేజెట్ వ్యాధికి ఉన్నట్లు, బిగుసుకున్న ఫ్లోరోసిస్ వెన్నును తిరిగి మెత్తబరిచే మందు లేదు. అలా ఉందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. చేయగలిగినవి మాత్రం చాలా ఉన్నాయి.

మొదటిది, నీళ్ళు మార్చడం. ఇదే అసలు మందు. మార్చితే శరీరం మెల్లమెల్లగా, ఏళ్ళ మీద, కొంత ఫ్లోరైడును మూత్రం ద్వారా బయటికి పంపుతుంది.

రెండవది, మూత్రపిండాలను కాపాడుకోవడం. ఫ్లోరైడ్ బయటికి పోవలసిన దారి అదే. మేము డబ్బాలో పోసి ఇచ్చిన నొప్పి మాత్రలు రోజూ మింగితే దెబ్బతినేవీ అవే. అంటే తలుపు తీయవలసిన చోట మేమే గడియ పెట్టాం. నొప్పి మాత్ర డాక్టరు చెప్పినంతే, చెప్పినన్నాళ్ళే వాడాలి.

మూడవది, తిండి. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ, జామ - కాల్షియం, విటమిన్ సి ఉన్నవి తినాలి. తిండి చాలని ఇళ్ళల్లో ఈ జబ్బు మరింత క్రూరంగా ఉంటుంది. మన చింతపండు గురించి కూడా ఒక మాట. జాతీయ పోషకాహార సంస్థ వారు బడి పిల్లలకు రోజూ చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రచురించారు. చింతపల్లి ఏజెన్సీ నుంచి మన సంతకు దిగే చింతపండుకు ఇదొక గౌరవం. కాని చారు తాగితే జబ్బు పోతుందని మాత్రం అర్థం చేసుకోకండి. ఇంకొక మాట చెబితే మీకు కోపం రావచ్చు. తేయాకులో ఫ్లోరైడ్ ఉంటుంది. రోజుకు పది గ్లాసుల డికాషన్ చాయ్ తాగే మనవాళ్ళు, ముఖ్యంగా ఆ నీళ్ళూ అటువంటివే అయితే, కొంచెం చెయ్యి వెనక్కు తీసుకోవాలి.

నాలుగవది, ఎండ. పరదాలోనూ ఇంటి పట్టునా ఉండే మన ఆడవాళ్ళకు ఎండ తగలక విటమిన్ డి తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. డాబా మీదనో పెరట్లోనో రోజూ కొంతసేపు ఎండ తగలనివ్వండి. కాళ్ళు లాగుతున్నాయని అమ్మీ అంటే "వయసు" అని కొట్టిపారేయకండి.

ఐదవది, కదలిక. నేర్పినవారు చూపినట్లు వ్యాయామం, నడక ఉండాలి. నడుము తొక్కించడం, మెడ విరిపించడం పనికిరాదు. బిగుసుకున్న ఎముకను విరిస్తే లోపలి నరం నలుగుతుంది.

నీళ్ళ సంగతి కూడా చెప్పి ముగిస్తాం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన భారత ప్రమాణం 1 మిల్లీగ్రాము లోపే ఉండాలని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఫరవాలేదని అంటుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీసివేస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి, కలియబెట్టి, తేరుకున్న నీటిని తీసుకునే పద్ధతి ఒకటున్నది. నాగపూరులోని నీరీ సంస్థ వారు 1970 దశకంలో తయారుచేసిన ఆ పద్ధతికి నల్లగొండ పద్ధతి అని పేరు. మన ఊరి పేరు ప్రపంచమంతా జబ్బుతో పాటు విరుగుడుకు కూడా నిలిచింది. అయితే పటిక ఎంత వేయాలో నీటిని పరీక్షించి లెక్క కట్టాలి, ఊరికే గుప్పెడు వేస్తే ప్రమాదం. వీటన్నిటికంటే నమ్మదగినది వాననీరు, నదీజలం. నల్లగొండకు తెలంగాణ ప్రభుత్వం మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు తీసుకుపోయినది అందుకే. కేంద్ర ప్రభుత్వం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో మన నెల్లూరు ఒకటి.

మన సంఘానికి మా మనవి మూడు ముక్కలు. ఒకటి, సంఘం నిధి నుంచి కొంత తీసి, మసీదు బోరు, మదర్సా బోరు, మన వీధుల్లోని బోర్లు - వీటి నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితం నోటీసు బోర్డు మీద ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాయాలి. రెండు, పెళ్ళి సంబంధానికి పోయినప్పుడు బంగారం, కట్నం అడిగే నోటితో "మీ ఊళ్ళో తాగే నీళ్ళు ఎక్కడివండీ?" అని కూడా అడగాలి. మూడు, బిగుసుకున్న నడుముతో మంచాన పడ్డ బీదవారిని ఆసుపత్రికి చేర్చడానికి ఏటా కొంత సొమ్ము వేరుగా ఉంచాలి. మా వంతుగా ఈ పని తిరగడానికి మా బడి పెద్ద పిల్లలను వెంటబెట్టుకొని మేము వస్తాం.

మా ఖాలూ 2017లో పోయారు. చివరి దాకా మసీదులో కుడివైపు స్తంభం పక్కన కుర్చీ మీదనే నమాజు చేశారు. మేము గొణిగిన సంగతి ఆయనకు తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకరోజు మేమే ఆ కుర్చీ మోసుకెళ్ళి వేస్తే, "మాస్టారు కూడా పాఠం నేర్చుకున్నాడు" అని నవ్వారు. ఆ కుర్చీ ఇప్పటికీ ఉన్నది. రేపు దానిమీద ఎవరైనా వచ్చి కూర్చుంటే, ఈ వయసుకే కుర్చీ ఏమిటని అనకండి. పక్కన కూర్చొని, "ఎన్నాళ్ళ నుంచి భాయీ ఈ నొప్పి? చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఉండేవారు?" అని అడగండి.